సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

అక్టోబరు పదకొండు, శుక్రవారం. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో. పొద్దున చలి, మధ్యాహ్నానికి కాస్త ఎండ.

ఉన్నవారు: నేను, నా భార్య, మా పై అంతస్తులో ఉండే అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి ఆమె దగ్గర ఉంటున్న ఆమె అత్తగారు. నాలుగున్నర తరవాత ఎదురు బిల్డింగులో ఉండే వరంగల్ ఆయన. ఫోనులో కాసేపు, టెక్సస్‌లోని కాపెల్ నుంచి, ఆ అమ్మాయి భర్త.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పందొమ్మిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. మామూలుగా రోజుకి అరపేజీ. ఆ శుక్రవారానికి నాలుగు పేజీలు పట్టింది. ఎవరెవరు ఉన్నారో ముందు రాయడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ యంత్రాల మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. యంత్రం ఆగిపోతే ఆ క్షణాన దాని దగ్గర ఎవరున్నారో మొదట రాసుకునేవాణ్ణి. గంట గడిస్తే అక్కడ ఎవరూ లేరని తేలేది మరి.

ఈసారి ఆగింది నా కారే. దానికి ఇరవై రెండేళ్లు. ఒకప్పుడు వెండిరంగు. ఇప్పుడు బానెట్ మీద రంగు పెచ్చులూడి, దూరం నుంచి చూస్తే బూడిద జల్లినట్టుంటుంది. మా ఇద్దరికీ కూరగాయల కొట్టుకి, గుడికి, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అది చాలు. అయితే మా కాంప్లెక్సులో దానికి ఇంకో గౌరవం ఉంది. ఇక్కడ డ్రైవింగ్ పరీక్షకి తీసుకెళ్లే కారులో, పక్క సీట్లో కూర్చునే ఎగ్జామినర్ చేతికి బ్రేకు అందాలి. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆయన కారు ఆపుకోవాలి కదా. మనవాళ్ల కార్లన్నీ కొత్తవి. వాటిలో పార్కింగ్ బ్రేకు అంటే స్టీరింగ్ పక్కన ఒక బటన్. రెండు సీట్ల మధ్య చేత్తో పైకి లాగే హ్యాండ్‌బ్రేకు ఉన్నది మా చుట్టుపక్కల నా ఒక్క కారుకే. అందుకని దాన్ని అందరూ టెస్ట్ కారు అంటారు. మా ఆవిడ మాత్రం కల్యాణ మండపం అంటుంది. ఎవరింట్లో అవసరం పడినా వచ్చి తేదీ చెప్పి బుక్ చేసుకు పోతారని.

పై అంతస్తు అమ్మాయి ఆ శనివారానికి బుక్ చేసుకుంది. ఆమె ఫార్మసీలో పెద్ద చదువు చదివి, హైదరాబాదులో మందులు పరీక్షించే ల్యాబులో పనిచేసి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. భర్త వీసా మీద వచ్చినవాళ్లకి పని చేసుకునే అనుమతి వెంటనే రాదు. నాలుగేళ్లు ఇంట్లో కూర్చుంది. ఈ వేసవిలో ఆ అనుమతి కార్డు చేతికొచ్చింది. నెల తిరక్కుండా ఒక ల్యాబులో ఉద్యోగం సంపాదించుకుంది. ఆ ల్యాబుకి బస్సు లేదు, రైలు లేదు. లైసెన్సు ఉందా అని ఇంటర్వ్యూలో అడిగితే, చేరే రోజుకి ఉంటుందని చెప్పింది. సెప్టెంబరులో భర్త కొత్త కారులో పరీక్షకి వెళితే, ఎగ్జామినర్ తలుపు తీసి బటన్ చూసి, కూర్చోకుండానే తలుపు వేసేశాడు. చేరే తేదీ ఒకసారి జరిగింది. ఇప్పుడది సోమవారం. శనివారం ఉదయం తొమ్మిదింబావుకి రెండో అపాయింట్‌మెంట్. అది పోతే మళ్లీ నవంబరు చివరికే. ఈలోగా ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందని ల్యాబు మేనేజరు చాలా మర్యాదగా చెప్పిందట. డ్రైవింగ్ స్కూలు వాళ్ల కార్లు శనివారాలకి ఎప్పుడో నిండిపోయాయి. కాబట్టి ఆ పొద్దున నా కారు అక్కడ ఉండి తీరాలి.

ఆ అమ్మాయి నడపడంలో నాకు అనుమానం లేదు. నెలరోజులు నేనే పక్కన కూర్చున్నాను. ఆమె ఇబ్బందంతా మొదటి నిమిషంలో. కంగారులో హ్యాండ్‌బ్రేకు దించడం మరిచిపోతుంది, లేదా బెల్టు. అందుకని పదహారు అంశాలతో ఒక లిస్టు రాసిచ్చాను. సీటు సర్దుకోవడంతో మొదలవుతుంది. ఆరోది స్టార్ట్ చేయడం: కుడికాలు బ్రేకు మీద, గ్యాస్ పెడల్, అంటే యాక్సిలరేటరు, ముట్టుకోకూడదు. పదకొండోది ఒక కారు పొడవు ముందుకి నడపడం. పదిహేనోది హ్యాండ్‌బ్రేకు లాగడం. పదహారోది ఇంజన్ ఆపడం. ఎక్కడ తప్పినా, తప్పకపోయినా, మళ్లీ ఒకటి నుంచి. శుక్రవారం మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో ఇది పన్నెండుసార్లు చేయమన్నాను. ఎగ్జామినర్ వేషం మా ఆవిడకి అప్పగించి, నేను పైన కునుకు తీశాను.

రెండూ నలభైకి ఫోను మోగింది.

"ఓసారి కిందకి రండి," అంది మా ఆవిడ. "కారు మూలుగుతోంది గానీ లేవడం లేదు."

నేను వెళ్లేసరికి మా ఆవిడ ముందు సీట్లో కళ్లజోడు పెట్టుకుని, లిస్టు తగిలించిన అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మాయి రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. వెనక సీట్లో అత్తగారు శాలువా కప్పుకుని వేరుశనగలు ఒలుస్తోంది.

"ఏం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదంకుల్. మీ లిస్ట్ ఎగ్జాక్ట్‌గా ఫాలో అయ్యాను. ఒకటి నుంచి పదహారు."

"గ్యాస్ మీద కాలు పడిందేమో."

"అస్సలు పడలేదు. ఆంటీని అడగండి."

"పడలేదు," అంది మా ఆవిడ, అట్ట నావైపు తిప్పి. "ఇదిగో టిక్కులు. పదకొండు రౌండ్లు ఫుల్ మార్కులు. పన్నెండోదానికి బండి ఫెయిలైంది."

జేబులో ఉన్న చిన్న పుస్తకం తీసి, నడిపినవారి తప్పు లేదు అని రాసుకున్నాను. అంటే లోపం కారులో ఉందన్నమాట. ఇక కారు చూడటమే మిగిలింది.

అమ్మాయిని దింపి నేను కూర్చుని తాళం తిప్పాను. సెల్ఫ్ జోరుగా తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. మూడుసార్లు, ఒక్కొక్కటి అయిదు సెకండ్లు. అదే మాట.

సెల్ఫ్ అంత జోరుగా తిరిగిందంటే బ్యాటరీ బాగుంది. ఆ తరవాత చూడాల్సినవి మూడు. గ్యాస్ (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు) వస్తోందా, నిప్పురవ్వ పడుతోందా, ఇంజన్ లోపల ఒత్తిడి ఉందా. వీటిని వరసగా, ఒకటి తేలాకే రెండోది చూడాలి. రెండూ కలిపి చూసేవాడు చివరికి ఏది బాగుపడిందో చెప్పలేడు.

"మొండికేసిందా అన్నయ్య గారూ?" అంది అత్తగారు వెనక నుంచి. "మా వారి స్కూటరూ ఇంతే. ఓ పక్కకి వంచి రెండు తన్నులు తంతే లేచి కూర్చునేది."

"కారుని వంచలేం కదండీ."

"నలుగురం ఉన్నాంగా. అడుగుతున్నానంతే."

గ్యాస్ మీటరు సగం చూపిస్తోంది. మీటర్లు అబద్ధం చెప్పొచ్చు గానీ, బుధవారం నేనే పోయించినట్టు డైరీలో ఉంది. ట్యాంకులోంచి ఇంజన్‌కి గ్యాస్ తోసే పంపు ఈ కారులో వెనక సీటు కింద ఉంటుంది. తాళం సగం తిప్పితే అది రెండు సెకండ్లపాటు సన్నగా మోగాలి. నా ఎడమ చెవి సరిగ్గా పనిచేయదు. కుడి చెవి మీద కూడా నాకంత నమ్మకం లేదు.

"మీరు కాసేపు ఆ పల్లీలు ఆపి, సీటుకి చెవి ఆనించి వినాలి," అన్నాను అత్తగారితో.

ఆవిడ శాలువా తీసి పక్కన పెట్టి, పసిబిడ్డ గుండె వింటున్నంత శ్రద్ధగా సీటు మీదకి ఒరిగింది. నేను తాళం తిప్పాను.

"వచ్చిందా?"

"జుయ్‌మని కూసి ఆగిపోయింది."

"ఎంతసేపు?"

"రామా అనేంతసేపు."

మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే కూసింది. పంపు పనిచేస్తోందని రాసుకున్నాను. తరవాత ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి వెలుతురుకి పెట్టి చూశాను. ఒక్కటీ మాడలేదు.

"రేపు నైన్ ఫిఫ్టీన్ అంకుల్," అంది అమ్మాయి. ఆ మాట అనడం అది మూడోసారి.

"తెలుసమ్మా."

"ఎయిట్ ఫార్టీకల్లా అక్కడ లైన్‌లో ఉండాలి."

"ఉంటాం," అన్నాను. ఏ ఆధారంతో అన్నానో తెలియదు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ కారణం తెలియకుండా టైము చెప్పి ఎరగను.

అప్పుడే ఆమె ఫోను మోగింది. భర్త. ప్రాజెక్టు కోసం వారమంతా కాపెల్‌లో ఉండి శనివారం సాయంత్రానికి వస్తుంటాడు. ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"నమస్తే అంకుల్. సారీ, మీకు చాలా ట్రబుల్ ఇస్తున్నాం. టో చేయించి ఎక్కడైనా షాప్‌లో చూపిద్దామా?"

"శుక్రవారం ఈ టైములో తీసుకుంటే సోమవారం గాని చూడరు," అన్నాను.

"అవునంకుల్." తరవాత ఆమెతో, "పోనీ రీషెడ్యూల్ చేసేయ్. టెన్షన్ పడకు. జాబ్స్ ఎక్కడికి పోతాయి, మళ్లీ వస్తాయిగా."

 అమ్మాయి ఫోను అరచేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. అత్తగారు కారు దిగి వచ్చి ఆ ఫోను మీదకి వంగింది.

"ఒరేయ్, నీకు మీటింగేదీ లేదా?"

"అమ్మా, అది కాదు..."

"ఉంటే వెళ్లు. లేకపోతే ఒకటి పెట్టుకో. నాలుగేళ్లు ఆగింది, చాలు." ఆవిడే బటన్ నొక్కి ఫోను పెట్టేసింది. తిరిగి వచ్చి వెనక సీట్లో, అవసరమైతే ఇంకోసారి వింటానన్నట్టు, సిద్ధంగా కూర్చుంది.

నాలుగున్నరకి ఎదురు బిల్డింగు ఆయన ఇంటి చెప్పులతోనే వచ్చాడు. నలభై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని.

"ఏమైంది అంకుల్, స్టార్ట్ అయితలేదా? మీటింగ్ల ఉన్న గానీ కిటికీలకెల్లి చూస్తనే ఉన్న."

"సెల్ఫ్ తిరుగుతోంది. అందుకోవడం లేదు."

వెంటనే ఫోను తీసి వెతికాడు. "ఈడ ఒకాయన వీడియో పెట్టిండు. సేమ్ సౌండ్. క్రాంక్ సెన్సార్ పోతె గిట్లనే అయితదట."

"ఆయన కారు ఏ సంవత్సరానిది?"

"అది చెప్పలె."

"ఆయన కారుకి ఏమైందో ఆయన చెప్పాడు. దీనికేమైందో ఇది చెప్పాలి."

"సరే అంకుల్, మీరు అడగండి, నేను లైట్ పడ్త," అని ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. మధ్యలో తెలిసినవాళ్లకి మెసేజులు పెట్టాడు. ఎడిసన్‌లో ఆయన స్నేహితుడి దగ్గర హ్యాండ్‌బ్రేకు ఉన్న పాత కారు ఒకటుందని తేలింది. అమ్మాయి ముఖం వెలిగింది. అయితే అది చేత్తో గేర్లు మార్చే కారు.

"గేర్ ఎప్పుడన్న నడిపినవా చెల్లె?"

"స్కూటీ నడిపానన్నా."

"అయితే వద్దు తీ."

ఇక చూడాల్సింది నిప్పురవ్వ. మొదటి సిలిండరు మీద, నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే కాయిల్ తీసి, స్పార్క్ ప్లగ్ విప్పాను. నిప్పు పడుతోందో లేదో చూపే చిన్న బల్బు పరికరం నా దగ్గర ఉంది. తగిలించి సెల్ఫ్ కొట్టమన్నాను. బల్బు టకటకా వెలిగింది. అంటే నిప్పు పడుతోంది. అటు గ్యాస్ కూడా వస్తోంది.

అప్పుడు చేతిలో ఉన్న ప్లగ్ వైపు చూశాను. దాని మూతి తడిసి ఉంది. తడి అంటే చెమ్మ కాదు, చిటికెన వేలితో తుడిస్తే వేలు తడిసింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన కొట్టింది. రెండో ప్లగ్ విప్పాను. అదీ అంతే. నాలుగూ అంతే.

గ్యాస్ రాకపోవడం కాదు, అవసరానికి మించి వచ్చి పడింది. ఇండియాలో స్కూటరు మెకానిక్కులు ఓవర్‌ఫ్లో అయిందనేది దీన్నే. తడిసిన ప్లగ్ దగ్గర నిప్పు పడినా అంటుకోదు. మరి అంత గ్యాస్ ఎక్కడి నుంచి వచ్చింది? చల్లగా ఉన్న ఇంజన్‌ని లేపడానికి కారు ప్రతిసారీ కాస్త ఎక్కువ గ్యాస్ పోస్తుంది. తరవాత రెండు నిమిషాలు నడిస్తే అదంతా కాలిపోతుంది. నడవకుండా అర నిమిషంలోనే ఆపేస్తే లోపలే ఉండిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ పోస్తుంది. ఈ మధ్యాహ్నం పదకొండుసార్లు పోసింది. ప్రతిసారీ ఇంజన్ ఆపించినది పదహారో అంశం.

ఈ సంగతి నాకు అర్థమైనప్పుడు గడియారం చూశాను. నాలుగూ యాభై. పైకి చెప్పినప్పుడు అయిదూ అయిదు. మధ్య పదిహేను నిమిషాలు ఏం చేశానంటే, ప్లగ్గులు తుడిచాను. తుడిచిన ప్లగ్గులు మళ్లీ తుడిచాను. చూసేసిన ఫ్యూజులు ఇంకోసారి చూశాను. వరంగల్ ఆయన ఏమైనా దొరికిందా అని అడిగితే, చూద్దాం అన్నాను. ఉద్యోగంలో నా కింద పనిచేసినవాళ్లు ఇలా చేస్తే నాకు వెంటనే తెలిసిపోయేది.

ఆ పదిహేను నిమిషాల్లో అమ్మాయి అత్తగారి పక్కన కూర్చుని, నేను వినడం లేదనుకుని అంది: "నా చెయ్యే అంత అత్తయ్యా. మొన్న బ్లెండర్, ఇవాళ అంకుల్ కార్. నేను ముట్టుకోకుండా ఉండాల్సింది."

మా ఆవిడ అట్ట పట్టుకుని బానెట్ అవతల నిలబడి ఉంది. నావైపు చూసింది.

నేను ప్లగ్ కింద పెట్టి వెనక తలుపు దగ్గరికి వెళ్లాను. "నీ తప్పేం లేదమ్మా. నువ్వు లిస్టు ఉన్నదున్నట్టు చేశావు. లిస్టే తప్పు."

"అంటే?"

"చల్లటి ఇంజన్‌ని అర నిమిషం నడిపి ఆపకూడదు. నేను నీచేత పదకొండుసార్లు ఆపించాను. లోపల గ్యాస్ నిండిపోయింది. ఒక్కసారి స్టార్ట్ చేసి, ఇంజన్ నడుస్తుండగానే మిగతావన్నీ ప్రాక్టీస్ చేయమని రాయాల్సింది. రాయలేదు."

ఆమె సీటు అంచుకి జరిగింది. "అయితే కార్ పాడవలేదా?"

"లేదు."

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకండి," అంది అత్తగారు. "పావుగంట నుంచి తుడిచిందే తుడుస్తుంటే అప్పుడే అనుకున్నా."

"ఇది కోడ్‌ల బగ్ కాదు, డాక్యుమెంటేషన్‌ల బగ్," అన్నాడు వరంగల్ ఆయన.

"ఈయన లిస్టు తప్పని ఈయన నోటితో వినడం ఇదే మొదటిసారి," అంది మా ఆవిడ. "టైముతో సహా రాసుకోండి."

రాసుకున్నాను. అందుకే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

కారణం దొరికింది గానీ పని కాలేదు. ఇంతసేపు సెల్ఫ్ కొట్టడంతో బ్యాటరీ నీరసపడింది. వేరే కారు నుంచి కరెంటు తీసుకుందామంటే ఎదురుగా ఉన్నది వరంగల్ ఆయన ఎలక్ట్రిక్ కారు.

"దీనికెల్లి ఇయ్యొద్దంట అంకుల్. వారంటీ పోతదట."

"కారు మొత్తం బ్యాటరీయేనంటివి," అంది అత్తగారు. "ఒక చెంబుడు కరెంటు ఇవ్వలేదా నాయనా?"

ఆయన నవ్వి, నిజంగానే సిగ్గుపడి, తన ఇంట్లోంచి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చాడు. మా బాల్కనీ నుంచి వైరు లాగి నా చార్జరు తగిలించాం. ఒక గంట. ఆ గంటసేపు ప్లగ్గులు బయట, బానెట్ ఎత్తి, లోపలి తడి ఆరనిచ్చాం. ప్లగ్గులు త్వరగా ఆరతాయని ఓవెన్ అడిగితే, నా ఓవెన్‌లో మీ గ్యాస్ ముక్కలేంటని మా ఆవిడ అడ్డం నిలబడింది. ఆమె చెప్పిందే సరైనది. వాటిని గుడ్డ మీద పరిచి గాలికి పెట్టాను. అత్తగారు పైకి వెళ్లి ఫ్లాస్కులో టీ, పళ్లెంలో వేడి పకోడీ తెచ్చింది. చేతులకి గ్రీజు ఉందని నాకు పకోడీ ఒక్కొక్కటే కాగితం మీద పెట్టి ఇచ్చారు. అమ్మాయి మాత్రం ఫోనులో టైము చూస్తూ ఉంది.

ఆరుంబావుకి ప్లగ్గులు బిగించి, చార్జరు తీసి, ఆమెనే డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను.

"నేనా? మీరే చెయ్యండంకుల్."

"రేపు నడపాల్సింది నువ్వు. కూర్చో. ఇప్పుడు గ్యాస్ పెడల్ నేలకి ఆనేదాకా తొక్కు."

"లిస్ట్‌లో ముట్టుకోవద్దని ఉంది కదా?"

"ఉంది. ఇది ఇలా నిండిపోయినప్పుడు మాత్రమే. పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఈ కారు గ్యాస్ పోయడం ఆపేసి గాలి మాత్రం లోపలికి తీసుకుంటుంది. అందుకున్న వెంటనే కాలు తీసెయ్."

ఆమె తొక్కింది. తాళం తిప్పింది. ఆరు సెకండ్లు తిరిగింది, ఏమీ లేదు. ఒక నిమిషం ఆగాం. రెండోసారి లోపల ఎవరో దగ్గినట్టు ఒక్క దగ్గు. వరంగల్ ఆయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు. మూడోసారి రెండు దగ్గులు, ఒక వణుకు, వెనక నుంచి గుప్పున నల్లటి పొగ, ఆ వెంటనే చెవులు దద్దరిల్లేంత రొద.

"తియ్! కాలు తియ్!" అని నలుగురం ఒకేసారి అరిచాం.

కాలు తీసింది. రొద తగ్గి ఇంజన్ గతుకుల మీద నడిచినట్టు నడిచింది, తరవాత సర్దుకుంది. ఆమె స్టీరింగ్ మీద నుదురు ఆనించుకుని ఉండిపోయింది. అత్తగారు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె వీపు మీద తట్టింది.

ఇరవై నిమిషాలు ఇంజన్ ఆపనివ్వలేదు. తరవాత నేను పక్కన కూర్చుని, ఆమె నడుపుతుండగా, బాగా చీకటి పడేలోపు రెండు రౌండ్లు తిరిగొచ్చాం. లిస్టులో మూడు అంశాలు కొట్టేసి, పేపరు మళ్లీ రాశాను. ఇప్పుడు పదమూడే.

మర్నాడు ఎనిమిదింటికి కారు ఒక్క తిప్పుకే అందుకుంది. రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి బయల్దేరాం. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి లైన్‌లో ఉన్నాం, మా ముందు అయిదు కార్లు. మా వంతు వచ్చేసరికి దిట్టంగా ఉన్న ఒక ఎగ్జామినర్ వచ్చింది. తలుపు తీసి, హ్యాండ్‌బ్రేకు ఒకసారి లాగి దించి చూసి, లోపల కూర్చుంది. నేను దిగి షెడ్డు కింద నిలబడ్డాను. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. పన్నెండు నిమిషాల తరవాత తిరిగొచ్చింది. ఆగాక కూడా లోపల ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అది మంచిదో కాదో నాకు తెలియలేదు.

ఎగ్జామినర్ దిగి వెళ్లింది. అమ్మాయి దిగి, కాగితం చూస్తూ అక్కడే నిలబడింది. నేనే దగ్గరికి వెళ్లాను.

"ప్యారలల్ పార్కింగ్‌లో కర్బ్‌కి దూరం ఎక్కువైందట అంకుల్. పాయింట్స్ తీసేసింది."

"మరి?"

"పాస్," అంది. అని ఫోను తీసి మొదట అత్తగారికి చేసింది.

లోపల లైసెన్సు కార్డు పని అయ్యేసరికి పదిన్నర. ఇంటికి తనే నడిపింది. లాట్‌లో నా కారు దాని చోట పెట్టి, తాళం నా చేతికిచ్చి, నేరుగా భర్త కొత్త కారు దగ్గరికి నడిచింది. అత్తగారు శాలువా సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"ఎక్కడికే? ఉండు, నేనూ వస్తా."

"ల్యాబ్ దాకా వెళ్లి చూసొస్తానత్తయ్యా. సోమవారం దారి వెతుక్కోకూడదు. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లాలి."

ఆవిడ తలుపు పిడి మీద వేసిన చెయ్యి తీసేసింది. కారు మెల్లగా వెనక్కి వచ్చి, గేటు దగ్గర ఎక్కువసేపే ఆగి, కుడివైపుకి తిరిగింది. మేమిద్దరం లాట్‌లోనే నిలబడ్డాం. ఆవిడ రెండుసార్లు నా గడియారంలో టైము అడిగింది.

పన్నెండున్నరకి తిరిగొచ్చింది. అద్దం దించి, "ఇరవై ఒక్క మైళ్లంకుల్. ఎనిమిదింటికి షిఫ్ట్," అంది. "సోమవారం ట్రాఫిక్‌కి ఏడింటికి బయల్దేరితే సరిపోదు. ఆరూ నలభైకి."